వీధి చివరి పెట్టె

మార్చి 4, సోమవారం

ఈ నోటుబుక్కు పని వివరాలు రాసుకోడానికని తెచ్చాను. మొదటి పేజీలోనే నా గోల మొదలవుతోంది. అయినా పర్వాలేదు, దీన్ని ఎవరూ చదవరు. నా రాత నాకే రెండోసారి చూస్తే గానీ అర్థం కాదు.

ఇవాళ రెండో కంపెనీ వాళ్ళు వచ్చి తీగ లాగి వెళ్ళారు. ఇక మా ఆసుపత్రికి రెండు ఇంటర్నెట్ లైన్లు. గత నెల ఉన్న ఒక్క లైనూ ఒక పూటంతా పోయింది. అప్పుడు సూపరింటెండెంట్ గారు నన్ను వరండాలో నిలబెట్టి పెట్టిన చీవాట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. ఆయన బాధ నాకు తెలియంది కాదు. మాకు మెదడు డాక్టరు లేరు. పక్షవాతం కేసు వస్తే తలకు స్కాన్ తీసి నెట్‌లో పంపాలి. వేరే ఊళ్ళో ఉన్న డాక్టరమ్మ అది చూసి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలో వద్దో చెప్పాలి. ఆమె చూడకుండా ఇవ్వకూడదు, లోపల రక్తం కారుతుంటే అదే ప్రాణం తీస్తుంది. ఆమెను మేమెవరం నేరుగా చూడలేదు. నర్సులు ఆమెకు తెర డాక్టరమ్మ అని పేరు పెట్టారు.

ఇక మీదట ఒక లైను పోతే, మనిషి చెయ్యి పడకుండా రెండోది అందుకోవాలి. అలా మార్చే పెట్టెను సర్వర్ గదిలో గోడకు బిగించాను. సర్వర్ గది అంటే పేరుకే. చీపుర్లు, బకెట్లు, విరిగిన స్టూలు, వాటి మధ్య నేను. పెట్టె మూడు క్షణాలకోసారి బయట ఎక్కడో ఉన్న ఒక చోటును పలకరిస్తుంది. మూడుసార్లు బదులు రాకపోతే ఆ లైను చచ్చిందనుకుని రెండో లైనుకు మారుతుంది. అంతే కిటుకు.

సూపరింటెండెంట్ గారి ముందు మొదటి లైను తీగ పీకి చూపించాను. తొమ్మిది క్షణాల్లో రెండోది అందుకుంది. "భేష్," అన్నారు. ఈ పదకొండేళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం ఇది రెండోసారి.

నాకు మాత్రం ఏదైనా మొదటిసారే సరిగ్గా పనిచేస్తే భయం. ఇంటికొచ్చాక కూడా కుదురు లేదు.

మార్చి 6, బుధవారం

నా భయం ఊరికే పోలేదు. పొద్దున్నుంచీ నరకం. మొదటి లైను చావదు, బతకదు. మధ్యమధ్యలో పది పదిహేను క్షణాలు తడబడుతుంది. పెట్టె వెంటనే రెండో లైనుకు దూకుతుంది. మొదటిది కోలుకోగానే మళ్ళీ ఇటు దూకుతుంది. దూకిన ప్రతిసారీ తెర డాక్టరమ్మ కాల్ తెగిపోతుంది. మధ్యాహ్నంలోపు ఏడుసార్లు తెగింది. ఆరోసారి ఆమె నోరు తెరిచి ఉండగా బొమ్మ నిలిచిపోయింది. నర్సులకు నవ్వు, నాకు ఏడుపు.

"చూడమ్మా," అన్నారు సూపరింటెండెంట్ గారు. "ఒక్క లైను ఉన్నప్పుడే ప్రాణం సుఖంగా ఉంది. సాయంత్రంలోగా ఈ ఎక్కడం దిగడం ఆపుతావా, మొత్తం పీకించమంటావా?"

సరైన పద్ధతి నాకు తెలుసు. బయట రెండు వేరువేరు చోట్లను పలకరించేలా పెట్టాలి. రెండూ కలిసి చాలాసేపు పలక్కపోతేనే మారేలా చెయ్యాలి. దాన్ని ఒక రోజంతా కూర్చుని చూడాలి. నాకున్నది రెండు గంటలు. పలకరింపును బయటి నుంచి తీసి, మన వీధి చివర మొదటి కంపెనీ వాళ్ళ పెట్టె మీదకు తిప్పాను. అది రెండు వందల అడుగుల దూరంలోనే ఉంది. ఎప్పుడు పలకరించినా పలుకుతుంది. మూడు గంటలకల్లా అంతా సద్దుమణిగింది.

రెండు రోజులకే ఇలా. శుక్రవారం సరిచేస్తాను.

మార్చి 7, గురువారం

ఒక్క ఫోనూ రాలేదు. హాయిగా ఉంది.

మార్చి 8, శుక్రవారం

రోజంతా ప్రింటర్లతోనే సరిపోయింది.

మార్చి 11, సోమవారం

పని పూర్తయినట్టు కాగితం మీద సంతకాలు. ఎనిమిది వరసలు, ఒక్కో వరసకు ఒక్కో పరీక్ష. మొదటి లైను పీకితే. రెండో లైను పీకితే. కరెంటు పోయి వస్తే. అన్నీ చేసినవే, 'సరి' అని రాసుకుంటూ పోయాను. ఆరో వరస: తీగ బిగించే ఉండి, పచ్చ దీపం వెలుగుతూనే ఉండి, బయట నెట్ లేనప్పుడు.

అది చేయలేదు. చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. పెట్టె కదలదు. వీధి చివరి పెట్టె పలుకుతున్నంతసేపూ మా పెట్టె అంతా బాగుందనే అనుకుంటుంది. ఆ చివరి పెట్టె అవతల తీగ తెగిపోయినా దీనికి పట్టదు.

సూపరింటెండెంట్ గారు పెన్ను పట్టుకుని పక్కనే నిలబడ్డారు. బయట ఆయన కోసం ఎవరో ఎదురు చూస్తున్నారు. 'సరి' అని రాశాను. ఎలాగూ ఈ వారంలో సరిచేస్తాను కదా. అప్పుడు అది నిజమే అవుతుంది.

మార్చి 19, మంగళవారం

కుట్టు పెద్దమ్మ నా కోటు ఇచ్చింది. భుజాలు బిగించమని ఇస్తే, అడక్కుండానే లోపలివైపు సన్నటి జేబు ఒకటి కుట్టింది. "స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని తిరుగుతావు, ఎవర్నో ఒకర్ని పొడుస్తావు," అంది. వీధి మొదట్లో షట్టరు కొట్టు ఆమెది, వెనకే ఇల్లు. ఆసుపత్రి కోట్లన్నీ ఆమె చేతి మీదుగా వచ్చినవే. మా అత్తయ్యకు ఆమె ప్రాణ స్నేహితురాలు. సాయంత్రం అయితే చాలు, అత్తయ్య కాళ్ళు అటే లాగుతాయి. ఇద్దరూ కలిసి వీధిలో వాళ్ళందరి కొలతలూ తీస్తారు.

ఆమె కూతురికి ఇరవై ఎనిమిదేళ్ళు. చిన్నప్పట్నుంచీ బొత్తాలు కుట్టడం తన వంతు. అందుకని అందరం బొత్తాలమ్మాయి అంటాం, పెద్దయ్యాక కూడా. ఇస్త్రీ, తాళాలు, బేరం, అన్నీ ఆ పిల్లే చూసుకుంటుంది.

లోపలి జేబులో స్క్రూడ్రైవరు అచ్చంగా సరిపోయింది.

పలకరింపు ఇంకా మార్చలేదు. ఇవాళ సర్వర్ గదికి వెళ్ళి చూశాను. పచ్చ దీపం వెలుగుతోంది. రేపు మారుస్తాను.

మార్చి 20, బుధవారం

మార్చలేదు.

మార్చి 28, గురువారం

అన్నీ వరసగా రాస్తాను. రాస్తే కుదురుకుంటానేమో.

పదకొండూ ఆరుకు ఫోన్. నేను మూడో అంతస్తులో బల్ల కింద దూరి ఉన్నాను. స్కాన్ తీసే అతను. "మేడం, స్కాన్ వెళ్ళట్లేదు. పక్షవాతం కేసు."

"పచ్చ లైటు ఉందా?" అన్నాను.

"ఉంది మేడం. చూసే చెప్తున్నా."

"అయితే లైను బాగానే ఉంది. మీ కంప్యూటరు ఒకసారి ఆపి పెట్టండి."

ఆ మాట అన్నాను. నేనే అన్నాను. అంటూండగానే బల్ల కింద నుంచి బయటికి వచ్చాను. తర్వాత తెలిసింది, అతను అప్పటికే రెండుసార్లు ఆపి పెట్టాడు. ఫోన్‌తో తెరకు ఫోటో తీసి కూడా పంపాడు. "ఫోటోలో నాకు తెలియదు, అసలుది పంపండి," అందట డాక్టరమ్మ. పాపం నా మాట విని మూడోసారి కూడా ఆపాడు.

నేను మెట్ల మీద పరుగెత్తాను. రెండో మలుపు దగ్గర నాకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను. వీధి చివరి పెట్టె కళ్ళ ముందు కనిపించింది. సర్వర్ గదిలో మొదటి లైను తీగ చేత్తో పట్టుకుని పీకాను. తొమ్మిది క్షణాలు. స్కాన్ వెళ్ళిపోయింది.

స్కాన్ తీసింది పది యాభై రెండుకు. వెళ్ళింది పదకొండు పద్నాలుగుకు.

అయిపోయిందనుకుని కిందికి వచ్చాను. ఎమర్జెన్సీ బయట బెంచీ మీద బొత్తాలమ్మాయి కూర్చుని ఉంది. మెడలో కొలత టేపు అలాగే ఉంది.

"అక్కా, అమ్మ," అంది.

పెద్దమ్మకు ఇంజెక్షన్ ఇచ్చారు. ప్రాణానికి భయం లేదన్నారు.

మధ్యాహ్నానికి తెలిసింది. మూడు కిలోమీటర్ల అవతల రోడ్డు తవ్వుతూ మొదటి కంపెనీ తీగ తెంపేశారట. వీధి చివరి పెట్టె మాత్రం నిక్షేపంగా ఉంది. సూపరింటెండెంట్ గారు అందరి ముందూ అన్నారు: "ఈ అమ్మాయి సమయానికి వచ్చి తీగ పీకింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో." నర్సులు నా భుజం తట్టారు. అందరూ కలిసి కంపెనీని తిట్టారు. నేనూ తిట్టాను. అందరికంటే గట్టిగా నేనే తిట్టాను.

మార్చి 29, శుక్రవారం

పలకరింపు సరిచేశాను. బయట రెండు చోట్లు పెట్టాను. ఆరో వరస పరీక్ష కూడా చేశాను. ఈసారి నిజంగానే చేశాను. వీధి చివరి పెట్టెను పలకనిచ్చి, దాని అవతలకు దారి మూశాను. ఇరవై క్షణాల్లో పెట్టె మారింది.

సరిచేయడానికి పట్టింది నాలుగు నిమిషాలు. రోజంతా కూర్చుని చూడాలి, చూడాలి అని మూడు వారాలు గడిపాను. పెట్టడానికి పట్టింది మాత్రం నాలుగు నిమిషాలు.

ఇంకో సంగతి గుర్తొచ్చి చెమటలు పట్టాయి. ఎవరు ఏ రోజు ఏం మార్చారో పెట్టె లోపల చిట్టా రాసుకుంటుంది. మార్చి 6, రెండు గంటల యాభై నిమిషాలు, నా పేరు. అది అందులో ఉంది.

మార్చి 31, ఆదివారం

అత్తయ్య వార్డుకు వెళ్ళొచ్చింది. ముఖం వేలాడేసుకుని వచ్చింది. పెద్దమ్మకు మాట పడిపోయింది. కుడి చెయ్యి లేవడం లేదు. "ఊ, ఊ అంటుంది తల్లీ. వీధి మొత్తాన్ని మాటల్తో కుట్టేసేది, ఊ అంటోంది," అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తర్వాత అంది: "ఆ పిల్లను చూస్తే ఇంకా భయమేస్తోంది. తన వల్లే అంటుంది."

"తన వల్ల ఏమిటి?" అన్నాను.

"వాళ్ళమ్మను బండి ఎక్కించి, కొట్టు తాళం వేసిందట. బండి కదిలాక ఇస్త్రీ పెట్టె ఆపలేదని గుర్తొచ్చిందట. వెనక్కి తిప్పించి, తాళం తీసి, ఇస్త్రీ పెట్టె ఆపి, కంగారులో ఎంతకీ పడని తాళం మళ్ళీ వేసి వచ్చిందట. పది నిమిషాలు పోయాయట. డ్యూటీ డాక్టరు కూడా అన్నాడట, కాస్త ముందు తెచ్చి ఉంటే బాగుండేదమ్మా అని. అదే పట్టుకుని కూర్చుంది. తిండి లేదు, నిద్ర లేదు."

నేను గిన్నెలు కడుగుతున్నాను. కడిగిన గిన్నే మళ్ళీ కడిగాను.

ఏప్రిల్ 1, సోమవారం

ఇస్త్రీ పెట్టె.

ఏప్రిల్ 2, మంగళవారం

డ్యూటీ డాక్టరు గారిని మెట్ల దగ్గర పట్టుకున్నాను. ఊరికే అడుగుతున్నట్టు అడిగాను. "ఇలాంటి కేసుల్లో ఓ ఇరవై నిమిషాలు అటూ ఇటూ అయితే పెద్ద తేడా ఉంటుందా సార్?"

"ప్రతి నిమిషమూ లెక్కే," అన్నారు. "కానీ ఫలానా నిమిషం ఫలానాది తీసుకుపోయిందని ఎవరూ చెప్పలేరు."

రెండో వాక్యం నాకు నచ్చింది. రోజంతా దాన్నే తిప్పి తిప్పి అనుకున్నాను. ఎవరూ చెప్పలేరు. తీగ తెంపింది నేను కాదు. రోడ్డు తవ్వింది నేను కాదు. ఎవరూ చెప్పలేరు.

మరి ఆ పది నిమిషాల గురించి ఆ పిల్లతో ఎలా చెప్పగలిగారు? ఇది ఇప్పుడే, రాస్తుండగా తోచింది. ఇవాళ్టికి చాలు.

ఏప్రిల్ 4, గురువారం

పెట్టె అమ్మిన కంపెనీ ఇంజనీరు వచ్చాడు. ఆ రోజు అది ఎందుకు మారలేదో చూడమని సూపరింటెండెంట్ గారే పిలిపించారు. నాకు నిప్పుల మీద కూర్చున్నట్టే ఉంది. అతను స్టూలు మీద కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, అన్నీ తిరగేశాడు.

"చక్కగా పెట్టారే మేడం. బయట రెండు చోట్లు పెట్టారు. సాధారణంగా ఎవరూ ఇంత శ్రద్ధగా పెట్టరు. మరి ఎందుకు మారలేదు?"

"అదే నాకూ అర్థం కావట్లేదు," అన్నాను.

నా నోటితోనే అన్నాను.

చిట్టా తెరుస్తాడేమోనని అతని వేళ్ళనే చూస్తూ ఉన్నాను. అతనికి ఇంకో చోట పని ఉంది, గడియారం చూసుకున్నాడు. "ఒక్కోసారి పెట్టె లోపలే తేడా చేస్తుంది. కొత్తది ఇచ్చేస్తాం. వచ్చే శుక్రవారం ఇది పట్టుకెళ్ళిపోతాం," అన్నాడు.

అంటే చిట్టా కూడా దాంతోనే పోతుంది. నెత్తిన పాలు పోసినట్టయింది. అతన్ని గేటు దాకా సాగనంపాను. టీ తాగి వెళ్ళమని కూడా అన్నాను. తిరిగి వచ్చి సర్వర్ గదిలో తలుపు వేసుకుని, బకెట్ల పక్కన కూర్చుని ఏడ్చాను. సంతోషంతో అని నాకు నేను చెప్పుకున్నాను.

ఏప్రిల్ 6, శనివారం

ఆయనకు చెప్పాను. అంటే మా ఆయనకు. బస్సు డిపోలో మెకానిక్కు, తప్పుల గురించి అర్థం చేసుకుంటారనుకున్నాను. అత్తయ్య వార్డుకు వెళ్ళాక, మొత్తం విన్నారు. గోళ్ళలో గ్రీజు తీసుకోవడం మొదలుపెట్టారు.

"ఎవరైనా అడిగారా నిన్ను?"

"లేదు."

"మరి నువ్వే వెళ్ళి నెత్తిన వేసుకుంటావా? ఉద్యోగం పోతుంది. కేసు పెడతారు. మా అమ్మ మొహం ఎలా చూస్తావు? ఆవిడ సగం ప్రాణం ఆ కొట్లోనే ఉంది."

"ఆ పిల్ల తన వల్లే అనుకుంటోంది."

"నాలుగు నెలలైతే అదే సర్దుకుంటుంది."

"మీరైతే?" అన్నాను. "మీరు బ్రేకు సరిగ్గా బిగించకుండా పంపిన బస్సు ఎవర్నైనా గుద్దిందనుకోండి. డ్రైవరు తన తప్పే అనుకుని కుమిలిపోతున్నాడనుకోండి. ఊరుకుంటారా?"

ఆయన లేచి చొక్కా వేసుకున్నారు. "నన్నెందుకు లాగుతావు మధ్యలోకి," అని బయటికి వెళ్ళిపోయారు. కోపంగా కాదు. ఆయనకూ భయం వేసింది.

ఏప్రిల్ 8, సోమవారం

పెద్దమ్మను నిన్న ఇంటికి పంపారు. చెప్పేద్దామని వెళ్ళాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. మొదటి మాట, రెండో మాట, అన్నీ.

షట్టరు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. మిషన్లు, గుడ్డలు, జనం ఇచ్చిన కొత్త బట్టలు, అన్నీ గాలికి వదిలేసినట్టున్నాయి. పిలిస్తే ఎవరూ పలకలేదు. పక్క కొట్టాయన చెప్పాడు: "అమ్మను చేతి వ్యాయామానికి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఇప్పుడు తాళం వేయడం మానేసిందండీ. వేయమంటే వినదు. నేనే ఓ కన్నేసి ఉంచుతున్నా."

ఆరింటికి వచ్చారు. బొత్తాలమ్మాయి సగానికి సగం అయిపోయింది. పెద్దమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఎడం చేతికి సూది ఇచ్చింది. పెద్దమ్మ దాన్ని పట్టుకోలేక కింద పడేసింది. ఆ పిల్ల తీసి ఇచ్చింది. మళ్ళీ పడేసింది. మళ్ళీ తీసి ఇచ్చింది. మూలన ఇస్త్రీ పెట్టె, దానికి తీగ చుట్టి, పైన గుడ్డ కప్పేసి ఉంది.

"ఏం పని మీద వచ్చావక్కా?"

నోరు తెరిచాను. "కోటుకు బొత్తాం ఊడింది," అన్నాను. ఊడలేదు. అటు తిరిగి, ఒక బొత్తాం నేనే లాగేశాను. దాన్ని కుట్టి ఇచ్చింది. నా వైపు చూడకుండా అంది: "బండి వెనక్కి తిప్పకుండా ఉంటే బాగుండేదక్కా. కొట్టు కాలిపోతే పోయేది."

ఏప్రిల్ 9, మంగళవారం

చెప్పలేదు. రేపు కూడా చెప్పను. శుక్రవారం పెట్టె వెళ్ళిపోతుంది, తర్వాత చెప్పడానికి ఏమీ ఉండదు. ఇదే తీర్మానం.

సూది కింద పడుతూనే ఉంది నా కళ్ళ ముందు.

ఏప్రిల్ 10, బుధవారం

పొద్దున్న ఎనిమిదింటికే వెళ్ళి, పెట్టెలోంచి చిట్టా ప్రింటు తీశాను. రెండు పేజీలు. మార్చి 6 కింద గీత గీశాను. పాత పరీక్షల కాగితం బీరువాలోంచి తీసి, ఆరో వరసలో 'సరి' కొట్టేసి, 'చేయలేదు' అని రాసి, తారీఖు వేసి సంతకం పెట్టాను. అసలు ఏం జరిగిందో ఒక పేజీ రాశాను. పదకొండూ ఆరుకు ఫోన్‌లో నేను అన్న మాట కూడా.

నా సంగతి నాకు తెలుసు. సూపరింటెండెంట్ గారు 'ఇది నేను చూడలేదు, తీసుకెళ్ళు' అంటే, నేను తీసుకెళ్ళిపోతాను. దణ్ణం పెట్టి మరీ తీసుకెళ్తాను. అందుకని ముందు ఇన్‌వర్డ్ గుమాస్తా దగ్గరికి వెళ్ళాను. ఆయన ఏ కాగితమూ చదవడు, స్టాంపు కొట్టి నంబరు వేస్తాడు. నాలుగు వందల పన్నెండు. పెద్ద రిజిస్టరులోకి ఎక్కిపోయింది. ఇక అది రాలేదని ఎవరూ అనలేరు, నేను కూడా.

సూపరింటెండెంట్ గారు నిలబడే చదివారు. తర్వాత కూర్చున్నారు.

"ఎందుకమ్మా ఇదంతా? ఎల్లుండి కొత్త పెట్టె వస్తోంది. పాతదాంతో పోనిస్తే సరిపోయేది." ఆయన గొంతు మెత్తగా ఉంది. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. అప్పుడు స్టాంపు చూశారు. "ఇన్‌వర్డ్ వేయించావా?"

"వేయించాను సార్."

పెన్నుకు మూత పెట్టారు. "ఆ రోజు పీకించమంటావా అని నేనే అరిచాను కదా," అన్నారు.

"అరిచారు సార్. కానీ సరి అని రాసింది నేను."

"సోమవారం కమిటీ కూర్చుంటుంది. అప్పటిదాకా పనికి రావద్దు. పెట్టె ఇక్కడే ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. ఇంకో మాట. కమిటీ తేల్చేదాకా వాళ్ళింటికి వెళ్ళకు. ఒక్క మాట కూడా చెప్పకు. ఇది నీ మంచికే చెప్తున్నాను."

సరే సార్ అన్నాను.

ఏప్రిల్ 11, గురువారం

వెళ్ళాను.

నాలుగున్నర అయింది. అత్తయ్య అప్పటికే అక్కడుంది, పెద్దమ్మ కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు నిమురుతోంది. అత్తయ్య ముందు చెప్పాలని నేను అనుకోలేదు. గడప దగ్గరే ఆగిపోయాను. వెనక్కి తిరిగేదాన్నే. "రావే, అలా దొంగలా నిలబడ్డావేం?" అంది అత్తయ్య నవ్వుతూ.

కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "ఆ రోజు స్కాన్ పంపడం ఆలస్యమైంది," అన్నాను. "ఇరవై రెండు నిమిషాలు. అది నా వల్ల."

బొత్తాలమ్మాయి బొత్తాం కుడుతోంది. సూది గుడ్డలోనే ఆగింది. "లైను తెగిందన్నారుగా."

"తెగింది. తెగితే రెండో లైనుకు మారాలి. దానికోసమే నన్ను పెట్టుకున్నది. అది మారకుండా పెట్టింది నేనే. పోయిన నెల ఆరో తారీఖున. తర్వాత సరిచేస్తానని, చేయలేదు. చేశానని సంతకం పెట్టాను. నువ్వు అమ్మను తెచ్చేసరికి ఇంజెక్షన్‌కు టైముందింకా. తెచ్చాక, స్కాన్ తీసి పెట్టుకుని, ఇరవై రెండు నిమిషాలు ఊరికే కూర్చున్నాం."

అత్తయ్య చేతులు ఆగిపోయాయి. పెద్దమ్మ నన్నే చూస్తోంది. ఆ చూపులో ఏముందో నాకు తెలియలేదు, తెలుసుకునే ధైర్యమూ లేదు.

"నా పది నిమిషాలు కాదా మరి?" అంది బొత్తాలమ్మాయి.

"ఏ నిమిషం ఏం చేసిందో ఎవరూ చెప్పలేరట. కానీ నీకు చెప్పినవాళ్ళు నీ పది చెప్పి, మా ఇరవై రెండు చెప్పలేదు."

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"మొదట్నుంచీ చెప్పు. తారీఖులతో చెప్పు."

మొదట్నుంచీ చెప్పాను. పచ్చ లైటు గురించి, మూడో అంతస్తు నుంచి నేను ఫోన్‌లో అన్న మాట గురించి కూడా చెప్పాను. నాలుగుసార్లు చెప్పించుకుంది. ప్రతిసారీ ఆ ఫోన్ మాటను నేను దాటెయ్యబోయాను. ప్రతిసారీ ఆగి, నేను అనేదాకా చూసింది.

తర్వాత లేచింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండనిపించింది. "నీ మీద కేసు పెడతానో ఏం చేస్తానో నాకు ఇంకా తెలీదు," అంది. "నీ కోటు ఇంక ఇక్కడికి తేకు. వెళ్ళక్కా. అమ్మ వ్యాయామానికి టైమైంది."

అత్తయ్య వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు. పెద్దమ్మ చెప్పులు వంగి తొడుగుతోంది. "నేను వీళ్ళతో వెళ్తా," అంది, నాతో కాదు, నేలతో.

నాకు సోమవారం అంటే భయం. ఇవాళ ఇంటికి అత్తయ్య తిరిగి వచ్చాక ఏమంటుందోనంటే ఇంకా భయం. రాసినా తగ్గడం లేదు.

అక్కణ్ణుంచి వీధి చివరి దాకా నడిచి, కంపెనీ పెట్టె పక్కన ఆగాను. షట్టరు చప్పుడు వినిపించి వెనక్కి చూశాను. అత్తయ్య పెద్దమ్మను పట్టుకుని బండి దగ్గర నిలబడి ఉంది. బొత్తాలమ్మాయి షట్టరు కింది దాకా దించింది. కిందికి వంగి తాళం వేసింది. పడిందో లేదో రెండుసార్లు లాగి చూసుకుంది. అప్పుడు వచ్చి అమ్మ పక్కన ఎక్కింది.